ప్రాసెసర్ క్యాష్, ర్యామ్ వేగం: డెస్క్‌టాప్ ఎక్కడ ఎదురుచూస్తోందో కనిపెట్టి సరిదిద్దుకొనే క్రమం

5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్ కోర్‌కు ఒక్కో సైకిల్ 0.2 నానోసెకన్లలో ముగిసిపోతుంది. అదే కోర్ ఒక విలువ కోసం ర్యామ్ దాకా పోవలసి వస్తే, నేటి డెస్క్‌టాప్‌లలో అది చేతికి అందేసరికి ఇంచుమించు 70 నుంచి 90 నానోసెకన్లు గడుస్తాయి. అంటే దాదాపు 400 సైకిళ్ళు. ఆ విలువ మీద ఆధారపడిన లెక్క ఏదీ అప్పటిదాకా ముందుకు కదలదు. నేటి కోర్లు ఆదేశాల వరుస మార్చి వేరే పనులు ముందుగా ముగించుకోగలవు గానీ, 400 సైకిళ్ళను నింపడానికి సరిపడినంత స్వతంత్రమైన పని చాలా ప్రోగ్రాములలో దొరకదు. గిగాహెర్ట్జ్‌లూ కోర్ల సంఖ్యా సమానంగా ఉన్న రెండు కంప్యూటర్లు ఒకే ఆటలో వేర్వేరుగా నడవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

క్యాష్ గురించి, ర్యామ్ వేగం గురించి విడివిడిగా చెప్పడం పరిపాటి అయింది. నిజానికి అవి ఒకే సమస్యకు రెండు పరిష్కారాలు. ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమొరీ అయిన క్యాష్, ర్యామ్ దాకా పోవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది, వేగమైన ర్యామ్ అలా పోయినప్పుడు పట్టే కాలాన్ని తగ్గిస్తుంది. ఒకటి బాగా పనిచేస్తే రెండోదాని వల్ల కలిగే లాభం తగ్గిపోతుంది. ఈ సంబంధాన్ని పట్టుకుంటే డబ్బు దేని మీద పెట్టాలో, దేని మీద పెట్టనక్కరలేదో చాలావరకు స్పష్టమవుతుంది. అయితే ముందుగా మీ కంప్యూటర్ అసలు ఎదురుచూస్తోందా, చూస్తే దేనికోసం చూస్తోంది అన్నది కొలిచి తెలుసుకోవాలి. కింది అడుగులన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: అంచెలను అర్థం చేసుకోండి

ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య సాధారణంగా మూడు అంచెల క్యాష్ ఉంటుంది. కోర్‌ను ఆనుకొని ఉండే ఎల్1 డేటా క్యాష్ పరిమాణం 32 లేదా 48 కిలోబైట్లు, దాని నుంచి విలువ అందడానికి 4 లేదా 5 సైకిళ్ళు చాలు. సాధారణంగా ప్రతి కోర్‌కూ విడిగా ఉండే ఎల్2 ఇటీవలి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 512 కిలోబైట్ల నుంచి 3 మెగాబైట్ల దాకా ఉంటుంది, దానికి సుమారు 12 నుంచి 17 సైకిళ్ళు పడతాయి. అనేక కోర్లు కలిసి పంచుకొనే ఎల్3 పదుల మెగాబైట్లలో ఉంటుంది, అక్కడి నుంచి విలువ రావడానికి 10 నానోసెకన్లు లేదా అంతకు కొంచెం ఎక్కువ పడుతుంది. ఎల్3 నుంచి ర్యామ్‌కు దిగగానే ఆ కాలం ఒక్కసారిగా ఏడెనిమిది రెట్లవుతుంది. మనం పట్టించుకోవలసిన అసలైన అగాధం ఇక్కడే ఉంది.

ఈ తేడాకు మూలం తయారీలోనే ఉంది. క్యాష్‌లో ఒక్కో బిట్టును నిలపడానికి సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు వాడతారు, అందువల్ల అది వేగంగా స్పందిస్తుంది, కానీ సిలికాన్ మీద ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ర్యామ్‌లో ఒక్కో బిట్టుకు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. చోటు కలిసివస్తుంది గానీ, ఆ కెపాసిటర్‌లోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది కనుక కొన్ని పదుల మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని తిరిగి నింపాలి. చదవాలంటే ముందు ఒక వరుసను తెరవాలి, తర్వాత అందులోని గడిని ఎంచుకోవాలి. పెద్ద మెమొరీ, వేగమైన మెమొరీ ఒకే చోట దొరకవు కాబట్టే అంచెలు పుట్టాయి. బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ఈ ఆలోచనను 1965లో ఒక వ్యాసంలో ప్రతిపాదించారు, 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85 దాన్ని వాణిజ్య యంత్రంలోకి తెచ్చింది.

క్యాష్ ఒక్కో బైటును విడిగా తీసుకురాదు. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అది 64 బైట్ల ముక్కలుగా తెస్తుంది. ఆ ముక్కను క్యాష్ లైను అంటారు. పక్కపక్కన ఉన్న విలువలను వరుసగా చదివే ప్రోగ్రాముకు ఒక్కసారి తెచ్చిన లైను చాలాసార్లు ఉపయోగపడుతుంది, పైగా ప్రాసెసర్‌లోని ప్రీఫెచర్ ఆ వరుసను గమనించి రాబోయే లైన్లను ముందే రప్పిస్తుంది. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న విలువలను వెతుక్కుంటూ పోయే ప్రోగ్రాముకు ఈ సాయం అందదు. ఒకే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాముకు ర్యామ్ వేగం ఏమాత్రం పట్టకపోవడం, మరొకదానికి అదే ప్రాణం కావడం ఇందువల్లే.

క్యాష్ విలువ ఎంతో తేల్చిచెప్పిన ఉదాహరణ 1998 నాటిది. పెంటియం 2 కోర్‌నే తీసుకొని, ఎల్2 క్యాష్‌ను పూర్తిగా తొలగించి ఇంటెల్ తొలి సెలెరాన్‌ను విడుదల చేసింది. క్లాక్ వేగం తగినంత ఉన్నా ఆ ప్రాసెసర్ రోజువారీ ప్రోగ్రాములలో బాగా వెనకబడింది. అదే సంవత్సరం కేవలం 128 కిలోబైట్ల ఎల్2ను కోర్‌తో సమాన వేగంతో నడిచేలా జోడించి సెలెరాన్ 300ఏ తెచ్చేసరికి, సగం వేగంతో నడిచే 512 కిలోబైట్ల ఎల్2 ఉన్న పెంటియం 2కు అది చాలా పనుల్లో దాదాపు సాటిగా నిలిచింది. క్యాష్ విషయంలో పరిమాణం ఒక్కటే కాదు, అది ఎంత దగ్గరగా, ఎంత వేగంగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుందని చెప్పడానికి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం దొరకదు.

రెండవ అడుగు: ఇప్పుడు ఏముందో చూడండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్ళండి. సీపీయూ పేజీలో ఎల్1, ఎల్2, ఎల్3 పరిమాణాలు కనిపిస్తాయి. మెమొరీ పేజీలో ర్యామ్ మొత్తం, అది నడుస్తున్న వేగం, నిండిన స్లాట్ల సంఖ్య ఉంటాయి. లైనక్స్‌లో క్యాష్ వివరాలను ఎల్‌ఎస్‌సీపీయూ ఆదేశమూ, మాడ్యూళ్ళ, అంటే స్లాట్లలో పెట్టే ర్యామ్ పలకల వివరాలను డీఎంఐడీకోడ్ ఆదేశమూ ఇస్తాయి.

మరిన్ని వివరాలకు సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము సరిపోతుంది. అందులో రెండు విషయాలు చాలామందిని తికమక పెడతాయి. అది చూపే ర్యామ్ ఫ్రీక్వెన్సీ, ప్రకటనలో రాసిన అంకెలో సగం ఉంటుంది. డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కనుక, 3000 మెగాహెర్ట్జ్ అని కనిపిస్తే అది డీడీఆర్5-6000 అన్నమాటే, లోపమేమీ కాదు. రెండోది చానళ్ళ సంఖ్య. చానల్ అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా నడిచే దారి. డీడీఆర్5 మాడ్యూల్ లోపలే రెండు 32 బిట్ల ఉపచానళ్ళుగా విడిపోయి ఉంటుంది. ఒక్క మాడ్యూల్ మాత్రమే ఉన్నా రెండు చానళ్ళు కనిపించవచ్చు, దాన్ని చూసి డ్యూయల్ చానల్ అనుకోకూడదు. మొత్తం వెడల్పు 128 బిట్లు అయినప్పుడే అది మనం మామూలుగా చెప్పుకొనే డ్యూయల్ చానల్.

తర్వాత క్యాబినెట్ తెరిచి స్లాట్లను స్వయంగా చూడండి. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో రెండే మాడ్యూళ్ళు ఉంటే, అవి సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించినప్పుడు రెండవ, నాలుగవ స్లాట్లలో ఉండాలి. మదర్‌బోర్డు పుస్తకంలో ఇది బొమ్మతో సహా ఉంటుంది. పక్కపక్క స్లాట్లలో పెట్టినందువల్ల ఒకే చానల్‌తో ఏళ్ళ తరబడి నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. అలాంటిచోట మాడ్యూల్‌ను ఒక స్లాట్ నుంచి మరో స్లాట్‌కు మార్చడమే మొత్తం మరమ్మతు.

మూడవ అడుగు: వేగం కంటే ముందు పరిమాణం

మీ పని మధ్యలో ర్యామ్ నిండిపోతుంటే, దాని వేగం గురించి ఆలోచించడం వృథా. నిండిన వెంటనే ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను ఎస్‌ఎస్‌డీ మీదకు తరలించడం మొదలుపెడుతుంది. మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ నుంచి చిన్న ముక్క చదవడానికి కూడా పదుల మైక్రోసెకన్లు పడుతుంది, అంటే ర్యామ్ కంటే వందల రెట్లు ఎక్కువ. మీ భారీ పనిని నడిపిస్తూ టాస్క్ మేనేజర్ గమనించండి. వాడకం తొంభై శాతం దాటి అక్కడే నిలిచి, డిస్క్ కదలిక కూడా పెరుగుతుంటే ముందు పరిమాణం పెంచుకొని, ఆ తర్వాతే కింది అడుగులకు రండి.

నాలుగవ అడుగు: ఏ రకం నిరీక్షణో గుర్తించండి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వంద శాతం అని కనిపిస్తే ప్రాసెసర్ తలమునకలై లెక్కలు చేస్తోందని అనుకుంటాం. అది నిజం కాకపోవచ్చు. ర్యామ్ నుంచి విలువ రావడం కోసం ఆగి ఉన్న సైకిళ్ళను కూడా ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేసిన సమయంగానే లెక్కిస్తుంది. కోర్ ఆ ప్రోగ్రాముకు కేటాయించబడి ఉందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది, లోపల కోర్ ఏం చేస్తోందో తెలియదు. కాబట్టి ఆ శాతాన్ని పక్కన పెట్టి, మరో విధంగా పరీక్షించాలి.

ఆ పరీక్ష చాలా సులువు, ఖర్చు లేనిది. మీరు నిత్యం చేసే పనిలో సమయం కొలవదగిన ఒకదాన్ని ఎంచుకోండి. ఒక పెద్ద ప్రాజెక్టును కంపైల్ చేయడం, ఒక వీడియోను మార్చడం, ఆటలో ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ నడపడం, ఏదైనా కావచ్చు. మూడుసార్లు నడిపి మధ్య విలువను రాసుకోండి. తర్వాత బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి, ర్యామ్ వేగాన్ని కావాలనే ఒకటి రెండు మెట్లు తగ్గించి, మళ్ళీ మూడుసార్లు కొలవండి. సమయం మారకపోతే మీ పనికి ర్యామ్ అడ్డంకి కాదు, వేగమైన ర్యామ్ కొన్నా లాభం ఉండదు. సమయం స్పష్టంగా పెరిగితే అడ్డంకి అక్కడే ఉంది. ఇదే పద్ధతిలో ర్యామ్‌ను యథాస్థితికి తెచ్చి, ప్రాసెసర్ క్లాక్‌ను పది శాతం తగ్గించి చూడండి. సమయం కూడా దాదాపు అంతే శాతం పెరిగితే మీ పని పూర్తిగా లెక్కల వేగం మీదనే నడుస్తోంది. క్లాక్ తగ్గినా సమయం పెద్దగా పెరగకపోతే కోర్ ఎలాగూ ఎదురుచూస్తూనే ఉందన్నమాట. కొత్త భాగం కొని చూసేదాకా ఆగకుండా, ఉన్నదాన్ని తగ్గించి చూడటంలోనే జవాబు దొరుకుతుంది.

ర్యామ్ కోసం నిరీక్షణ ఉందని తేలితే, అందులో మళ్ళీ రెండు రకాలు. అడిగిన విలువ అందడానికి పట్టే కాలం ల్యాటెన్సీ. ఒక సెకనులో మొత్తం ఎంత డేటా ప్రవహించగలదన్నది బ్యాండ్‌విడ్త్. ఒక విలువ చదివితే గానీ తర్వాత ఎక్కడ చదవాలో తెలియని ప్రోగ్రాములు ల్యాటెన్సీకి కట్టుబడి ఉంటాయి. వందలాది పాత్రలు, వస్తువులు కదిలే ఆటలు, సిమ్యులేషన్లు, డేటాబేసులు, కంపైలర్లు చాలావరకు ఈ కోవకు చెందుతాయి. 7-జిప్‌లోని బెంచ్‌మార్క్ దీనికి మంచి సూచిక. అందులో కుదింపు భాగం ర్యామ్ ల్యాటెన్సీ, క్యాష్ పరిమాణం మీద బాగా ఆధారపడుతుంది, విప్పడం అనే భాగం అంతగా ఆధారపడదు. ర్యామ్ సెట్టింగ్ మార్చినప్పుడు మొదటి అంకె కదిలి రెండోది కదలకపోవడం మీరే చూడవచ్చు.

భారీ డేటాను వరుసగా మింగే పనులు బ్యాండ్‌విడ్త్‌కు కట్టుబడతాయి. వీటిలో మొదటిది, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్. దానికి సొంత మెమొరీ ఉండదు, ప్రతి ఫ్రేమునూ ర్యామ్ నుంచే గీయాలి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఒక మాడ్యూల్ స్థానంలో రెండు పెట్టడం వల్ల ఆటల్లో కలిగే మార్పు కంటికి తెలుస్తుంది. రెండోది, భాషా నమూనాలను ప్రాసెసర్ మీద సొంతంగా నడపడం. అక్కడ లెక్క సూటిగా ఉంటుంది: నమూనా పరిమాణం 8 గిగాబైట్లు అయితే, ఒక్కో టోకెన్‌కు, అంటే నమూనా రాసే ఒక్కో పదానికి లేదా పదం ముక్కకు, సాధారణంగా ఆ 8 గిగాబైట్లనూ ఒకసారి చదవాలి. సెకనుకు 96 గిగాబైట్లు ఇచ్చే ర్యామ్ ఉంటే సెకనుకు 12 టోకెన్లకు మించి రావు, ఎన్ని కోర్లు పెంచినా ఆ హద్దు కదలదు. థ్రెడ్ల సంఖ్యను రెట్టింపు చేసినా పని వేగం పెరగడం ఆగిపోతే, పనిని పంచుకోవడంలో లోపం లేనప్పుడు, బ్యాండ్‌విడ్త్ నిండిపోయిందని అనుమానించాలి.

ఈ రెండింటికీ చెందని పనులు కూడా చాలా ఉన్నాయి. సినీబెంచ్ వంటి రెండరింగ్ పరీక్షల డేటా చాలావరకు క్యాష్‌లోనే ఒదిగిపోతుంది, ర్యామ్ మారినా అంకె దాదాపు మారదు. ఆటను అధిక రిజల్యూషన్‌లో నడిపినప్పుడు గ్రాఫిక్స్ కార్డే వెనకబడుతుంది కనుక ప్రాసెసర్ వైపు ఏం మార్చినా సగటు ఫ్రేములు కదలవు. ఆటల్లో క్యాష్, ర్యామ్ ప్రభావాన్ని కొలవాలంటే రిజల్యూషన్ తగ్గించి, సగటుతో పాటు అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేములను కూడా చూడాలి. ఆట మధ్యలో తగిలే చిన్న చిన్న కుదుపులు అక్కడే బయటపడతాయి.

ఐదవ అడుగు: ర్యామ్ మీది అంకెలను లెక్కకట్టండి

డీడీఆర్5-6000 సీఎల్30 అని రాసి ఉన్నప్పుడు, 6000 అనేది సెకనుకు జరిగే బదిలీల సంఖ్య, మిలియన్లలో. ఒక్కో బదిలీలో మాడ్యూల్ 8 బైట్లు పంపుతుంది. 6000ను 8తో గుణిస్తే సెకనుకు 48 గిగాబైట్లు, రెండు చానళ్ళకు 96 గిగాబైట్లు. ఇదే లెక్కన డీడీఆర్4-3200 రెండు చానళ్ళలో 51.2 గిగాబైట్లు ఇస్తుంది. ఇవి సిద్ధాంతపరమైన గరిష్ఠాలు, ఆచరణలో కొంత తక్కువే అందుతుంది.

సీఎల్ అంటే తెరిచిన వరుసలోని గడిని అడిగాక డేటా రావడానికి పట్టే నిరీక్షణ. ఆ అంకె సైకిళ్ళలో ఉంటుంది, కాలంలో కాదు. దాన్ని నానోసెకన్లలోకి మార్చడానికి 2000తో గుణించి బదిలీ వేగంతో భాగించాలి. డీడీఆర్5-6000 సీఎల్30కు 10 నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్4-3200 సీఎల్16కు కూడా సరిగ్గా అంతే. డీడీఆర్5-4800 సీఎల్40కి మాత్రం దాదాపు 16.7 నానోసెకన్లు. డీడీఆర్5 కొత్తగా వచ్చినప్పుడు కొన్ని ఆటల్లో మంచి డీడీఆర్4 కంటే వెనకబడడానికి ఒక కారణం ఈ లెక్కలోనే కనిపిస్తుంది. సీఎల్ అంకె పెద్దదైనంత మాత్రాన ర్యామ్ నెమ్మది కాదు, వేగం అంకె పెద్దదైనంత మాత్రాన త్వరగా స్పందించదు. రెండింటినీ కలిపి లెక్కకట్టాలి. ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు వెళ్ళి వచ్చే మొత్తం కాలంలో సీఎల్ ఒక భాగమే. ర్యామ్‌తో వ్యవహారం నడిపే మెమొరీ కంట్రోలర్, ప్రాసెసర్ లోపలి అనుసంధానాలు, వరుసను మూసి తెరవడం మిగిలిన కాలాన్ని తీసుకుంటాయి. అందుకే సీఎల్‌లో 2 నానోసెకన్లు తగ్గించినా 80 నానోసెకన్ల ప్రయాణం 78 దగ్గరే ఆగుతుంది. ఆ కాస్త తేడా కోసం కిట్ ధర ఎంతో పెరుగుతుంటే, అంత పెట్టడం తగదని నా అభిప్రాయం.

ప్రాసెసర్‌ను బట్టి ఒక స్థాయి దాటాక వేగం పెంచడం ఎదురు తిరుగుతుంది. ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో మెమొరీ కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడిచేది దాదాపు 6000 నుంచి 6400 దాకానే, ఆపైన అది సాధారణంగా సగం వేగానికి దిగుతుంది, ల్యాటెన్సీ పెరుగుతుంది. ఆ శ్రేణికి 6000 సరైన స్థానమని ఏఎండీయే సూచించింది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇలాంటి ఏర్పాటును గేర్ అంటారు, డీడీఆర్4 వాడేవారు గేర్ 1లో, అంటే కంట్రోలర్ ర్యామ్ క్లాక్‌తో సమానంగా నడుస్తోందో లేదో బయోస్‌లో చూసుకోవాలి.

ఆరవ అడుగు: కొన్న వేగాన్ని వాడుకలోకి తీసుకోండి

డీడీఆర్5-6000 కిట్ కొని అమర్చినంత మాత్రాన అది 6000 వద్ద నడవదు. కొత్తగా పెట్టిన ర్యామ్, మెమొరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ అయిన జెడెక్ ప్రమాణం ప్రకారం భద్రమైన వేగంతో, ఎక్కువగా 4800 లేదా 5600 వద్ద మొదలవుతుంది. మాడ్యూల్‌లో దాచిన అధిక వేగపు ప్రొఫైల్‌ను మనమే ఎంచుకోవాలి. ఇంటెల్ రూపొందించిన ప్రొఫైల్‌ను ఎక్స్‌ఎంపీ అనీ, ఏఎండీ 2022లో డీడీఆర్5 కోసం తెచ్చినదాన్ని ఎక్స్‌పో అనీ అంటారు. డబ్బు పెట్టి కొన్న వేగం ఈ ఒక్క సెట్టింగ్ తెలియక నిద్రపోతూ ఉండటం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా మదర్‌బోర్డు తయారీదారు ఇచ్చిన తాజా బయోస్ వేసుకోండి. ర్యామ్ అనుకూలతలో వచ్చే చిక్కులు చాలావరకు దీనితోనే తీరిపోతాయి. రైజెన్ 7000 శ్రేణి అమరే ఏఎం5 బోర్డులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ప్రాసెసర్‌కు హాని కలగకుండా, మెమొరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు పరిమితం చేసే మార్పు 2023లో బయోస్ ద్వారానే వచ్చింది. తర్వాత కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్ళి, ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అన్నచోట మొదటి ప్రొఫైల్ ఎంచుకొని, భద్రపరచి బయటకు రండి.

ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతే కంగారు పడకండి. మదర్‌బోర్డు కొత్త వేగానికి తగ్గట్టు సంకేతాలను సర్దుకుంటుంది, దీన్ని మెమొరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5లో ఇది మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. మధ్యలో కరెంటు తీయకూడదు. చాలాసేపు చూసినా మొదలుకాకపోతే, కంప్యూటర్ ఆపి ప్లగ్ తీసి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పినట్టు బయోస్ సెట్టింగులను దాచే సీమాస్‌ను క్లియర్ చేస్తే పాత భద్రమైన వేగానికి తిరిగి వస్తుంది. ప్రాసెసర్ తయారీదారు అధికారికంగా చెప్పిన వేగాన్ని దాటించడం ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుందనీ, వారంటీ నిబంధనలు అందుకు తగ్గట్టే ఉంటాయనీ కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగు మాడ్యూళ్ళు పెట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు ఎన్ని మాడ్యూళ్ళు పెట్టినా చానళ్ళు రెండే. నాలుగు పెట్టడం వల్ల బ్యాండ్‌విడ్త్ రెట్టింపు కాదు, పైగా మెమొరీ కంట్రోలర్ మీద విద్యుత్ భారం పెరిగి వేగం తగ్గించవలసి వస్తుంది. రైజెన్ 7000కు రెండు మాడ్యూళ్ళతో అధికారిక వేగం 5200 కాగా, నాలుగింటితో అది 3600కు పడిపోతుంది. 64 గిగాబైట్లు కావాలంటే 16 గిగాబైట్ల మాడ్యూళ్ళు నాలుగు కాకుండా 32 గిగాబైట్లవి రెండు, అవి కూడా ఒకే కిట్‌లో కలిపి అమ్మినవి తీసుకోవడం సరైన దారి.

ఏడవ అడుగు: నిలకడ పరీక్ష

ర్యామ్‌లో తప్పు జరిగినప్పుడు కంప్యూటర్ ప్రతిసారీ ఆగిపోదు. ఒక్క బిట్టు తారుమారై, ఆ మార్పుతోనే ఫైలు డిస్క్ మీదకు ఎక్కిపోవచ్చు. నెలల తర్వాత ఫొటో తెరుచుకోనప్పుడు గానీ సంగతి తెలియదు. కాబట్టి మెమ్‌టెస్ట్86ను యూఎస్‌బీ డ్రైవ్ నుంచి నడిపి, పరీక్ష నాలుగు విడతలూ పూర్తి కానివ్వండి. ఆ తర్వాత ఓసీసీటీ వంటి పరీక్షతో విండోస్‌లో కూడా చూడండి, ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కినప్పుడు ర్యామ్ ప్రవర్తన మారవచ్చు. ఒక్క తప్పు కనిపించినా అది ఆమోదయోగ్యం కాదు. 6000 నుంచి 5800కు, అప్పటికీ కుదరకపోతే 5600కు దిగి మళ్ళీ పరీక్షించండి. డీడీఆర్5 చిప్పుల లోపల తప్పులను సరిదిద్దే ఏర్పాటు ఉన్న మాట నిజమే గానీ, అది చిప్పులోపలికే పరిమితం. చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పును అది పట్టుకోలేదు.

పరీక్ష నెగ్గాక నాలుగవ అడుగులో ఎంచుకున్న పనినే మళ్ళీ మూడుసార్లు కొలిచి, పాత అంకెతో పోల్చుకోండి.

ఎనిమిదవ అడుగు: ప్రాసెసర్ ఎంపికలో క్యాష్‌కు ఇవ్వవలసిన స్థానం

ర్యామ్‌ను తర్వాత మార్చుకోవచ్చు, క్యాష్‌ను మార్చలేము. అది ప్రాసెసర్‌తో పాటే వస్తుంది, దానితోనే పోతుంది. అందుకని కొనేటప్పుడే చూసుకోవాలి.

ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జీ రెండింటిలోనూ ఒకే తరానికి చెందిన ఆరు కోర్లున్నాయి, రెండింటి గరిష్ఠ క్లాక్ 4.4 గిగాహెర్ట్జ్. కానీ మొదటిదానిలో ఎల్3 32 మెగాబైట్లు, రెండోదానిలో 16. విడి గ్రాఫిక్స్ కార్డుతో ఆటలు ఆడేవారికి మొదటిదే మెరుగు, కార్డు లేనివారికి లోపలి గ్రాఫిక్స్ ఉన్న రెండోది ఉపయోగం. పేర్లు చూస్తే ఈ తేడా తెలియదు. దీనికి మరో కొసన 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌3డీ ఉంది. 5800ఎక్స్‌లోని 32 మెగాబైట్ల ఎల్3 మీద మరో 64 మెగాబైట్ల క్యాష్‌ను పొరగా పేర్చి, మొత్తం 96 మెగాబైట్లు చేశారు. దాని గరిష్ఠ క్లాక్ 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కు తగ్గింది. అయినా చాలా ఆటల్లో అది తన మాతృక కంటే స్పష్టంగా ముందుంది, కేవలం లెక్కల మీద నడిచే రెండరింగ్‌లో మాత్రం కొంచెం వెనకబడింది. ఒకే ప్రాసెసర్ ఒక పనిలో గెలిచి మరో పనిలో ఓడిపోవడానికి నాలుగవ అడుగులో చెప్పుకున్న విభజనే కారణం.

క్యాష్, ర్యామ్ ఒకదానికొకటి ఎలా బదులుగా నిలుస్తాయో చిన్న లెక్కతో చూద్దాం. ఎల్3 దాకా వచ్చిన ప్రతి అభ్యర్థనకూ అక్కడే దొరికితే 10 నానోసెకన్లు, ర్యామ్‌కు వెళితే 80 అనుకుందాం. వందలో 80 అక్కడే దొరికితే సగటు 24 నానోసెకన్లు. క్యాష్ పెరిగి వందలో 95 దొరికితే సగటు 13.5కు పడిపోతుంది. ఇప్పుడు ర్యామ్ కాలాన్ని 80 నుంచి 70కి తగ్గిస్తే, మొదటి ప్రాసెసర్‌లో సగటు 24 నుంచి 22కు దిగుతుంది, అంటే 8 శాతం పైగా మెరుగు. రెండోదానిలో 13.5 నుంచి 13కు మాత్రమే, నాలుగు శాతం కూడా కాదు. పెద్ద క్యాష్ ఉన్న ప్రాసెసర్‌కు ఖరీదైన ర్యామ్ జతచేయడం ఎందుకు తక్కువ ఫలితమిస్తుందో, చిన్న క్యాష్ ఉన్నదానికి మంచి ర్యామ్ ఎందుకు అవసరమో ఈ నాలుగు అంకెలు చెబుతాయి.

ప్రకటనలో రాసిన మొత్తం క్యాష్‌ను యథాతథంగా తీసుకోకూడదు. రైజెన్ 9 7950ఎక్స్‌లో ఎల్3 64 మెగాబైట్లు అన్నది నిజమే, కానీ అది రెండు చిప్‌లెట్లలో, అంటే కోర్లున్న రెండు విడి చిప్పు ముక్కల్లో, 32 చొప్పున ఉంటుంది, ఒక కోర్‌కు తన చిప్‌లెట్‌లోని 32 మాత్రమే దగ్గర. 7950ఎక్స్‌3డీలోని 128 మెగాబైట్లు కూడా ఒకవైపు 96, మరోవైపు 32. ఆట సరైన వైపు కోర్ల మీద నడిచేలా చూడటానికి చిప్‌సెట్ డ్రైవర్లు తాజాగా ఉండాలి. కొందరు తయారీదారులు ఎల్2, ఎల్3లను కూడి ఒకే పెద్ద అంకెగా చూపుతారు, పోల్చేటప్పుడు ఎల్3ని ఎల్3తోనే పోల్చాలి.

ప్రోగ్రాములు రాసేవారికి

మీ పని మీరే రాసిన కోడ్ అయితే, ఏ భాగమూ కొనకుండానే క్యాష్‌ను మెరుగ్గా వాడుకోవచ్చు. సీ భాషలో 10,000 అడ్డువరుసలు, 10,000 నిలువువరుసలు ఉన్న పూర్ణాంకాల పట్టికను తీసుకుందాం. అడ్డువరుసల వెంట చదివితే ఒక్కో 64 బైట్ల లైనులోని 16 అంకెలూ వెంటవెంటనే ఉపయోగపడతాయి. నిలువువరుసల వెంట చదివితే ప్రతి అడుగూ 40,000 బైట్ల అవతల పడుతుంది. ఒక్కో లైనులో ఒకే అంకె వాడి ముందుకు పోతాం, 32 కిలోబైట్ల ఎల్1లో పట్టేవి 512 లైన్లే కనుక, పక్క నిలువువరుసకు తిరిగి వచ్చేసరికి మొదటి లైను అక్కడ ఉండదు. రెండు లూపుల క్రమం మార్చి సమయం కొలిస్తే తేడా అనేక రెట్లు ఉండటం మీరే చూస్తారు. అలాగే చెల్లాచెదురు పాయింటర్ల జాబితా బదులు వరుస అరే వాడటం, తరచూ కలిపి చదివే విలువలను పక్కపక్కన పెట్టడం ల్యాటెన్సీని మొదలంటా తగ్గిస్తాయి. లైనక్స్‌లో పెర్ఫ్ అనే సాధనం ఒక్కో సైకిల్‌కు సగటున ఎన్ని ఆదేశాలు ముగిశాయో చూపుతుంది. ఆ అంకె 1 కంటే బాగా తక్కువగా ఉండి, క్యాష్‌లో దొరకని అభ్యర్థనల సంఖ్య కూడా ఎక్కువగా ఉంటే, మార్పు ముందుగా డేటా అమరికలో మొదలుపెట్టాలి.